ఉప్పు పూసిన గోడ

రాజోలు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, కాలువ సన్నబడి సన్నబడి చివరికి ఒక బారెడు వెడల్పు నీరుగా మిగిలే ఊళ్ళో బుల్లిరాజు మేస్త్రి ఉంటాడు. అరవై దాటాయి. తాపీ పట్టీ పట్టీ చేతివేళ్ళు లోపలికి వంగిపోయాయి. ఊరికే అరుగు మీద కూర్చున్నప్పుడు కూడా ఆ చేతులు దేన్నో పట్టుకున్నట్టే ఉంటాయి.

చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎవరింటి గోడకి నెమ్ము ఎక్కినా ముందు అతనికే కబురు. అతను వెళ్ళి, చెప్పులు విడిచి, గోడ పక్కన గొంతుక్కూర్చుని వేలి కణుపుతో తడతాడు. గట్టిగా ఉన్నచోట ఒక చప్పుడు, లోపల ఇటుకని వదిలేసిన సిమెంటుది ఇంకో చప్పుడు. తర్వాత చెయ్యి తిరగేసి, వెనకవైపు గోడకి ఆనిస్తాడు, జ్వరంతో ఉన్న పిల్ల నుదుటికి ఆనించినట్టు. కాసేపటికి చెబుతాడు, ఈ తడి పైకప్పు నుంచి దిగిందో, గొట్టం పగిలి వచ్చిందో, నేలలోంచి ఎక్కిందో.

నేలలోంచి ఎక్కేదే ఎక్కువ. కోనసీమలో రెండు మూరలు తవ్వితే నీరు. ఇక్కడి పచ్చదనమంతా ఆ నీటిదే, గోడల జబ్బూ దానిదే. ఎంత కాల్చినా ఇటుక మట్టే కదా, దాని దాహం తీరదు. దీపంలో ఒత్తి నూనెని పీల్చినట్టు పునాది నేలలో తడిని పీల్చి ఇటుక నుంచి ఇటుకకి అందిస్తూ పోతుంది. ఆ దారికి అడ్డంగా బేస్‌మెంటు మీద మంచి కాంక్రీటుతో ఒక పొర పోసి, ఆరాక తారు పూసి, అప్పుడు గోడ లేపాలి. ఆ పొర కుదిరితే ఇల్లు మూడు తరాలు పొడిగా ఉంటుంది. కుదరకపోతే మొదటి వానాకాలానికే గోడ మోకాలిదాకా నల్లబడుతుంది.

ఈ విద్య అతనికి మామగారు జగ్గయ్య నేర్పాడు. జగ్గయ్యకి ఒక అలవాటు ఉండేది. ఏ ఊళ్ళో పని మొదలుపెట్టినా, సిమెంటు మాలు కలపడానికి తెచ్చిన నీళ్ళు ముందు ఒక గుక్క తన నోట్లో పోసుకునేవాడు. మింగగలిగితే పని. మింగలేకపోతే తాపీ సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేసేవాడు. సముద్రం దగ్గరి ఊళ్ళు కావడంతో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో కలిపిన మాలులో ఉప్పు ఉండిపోతుంది. గాలిలో తేమ కనబడితే చాలు, లోపలికి పిలుచుకుంటుంది.

మామగారి పట్టుదల అల్లుడికీ వచ్చిందని ఊరు అనుకుంటుంది. ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. తీరికగా ఉంటారు కాబట్టి జనం ఇళ్ళు కట్టుకునేది కూడా అప్పుడే. కానీ బుల్లిరాజు కాలువ వదిలేదాకా గోడ లేపనంటాడు, లేకపోతే దూరం నుంచి ట్యాంకరు తెప్పించమంటాడు. కొబ్బరితోటల సుబ్బరాజుగారు ఒకసారి టీకొట్టు దగ్గర అందరిముందూ ఆటపట్టించాడు, “మా మేస్త్రిగారు పిల్లకి సంబంధం చూసినట్టు నీళ్ళకి చూస్తారండి. జాతకం కలవాలి, గోత్రం కుదరాలి.” అందరూ నవ్వారు. బుల్లిరాజు కూడా “ఆయ్, అంతేనండి” అని నవ్వి టీ తాగేశాడు.

ఆ పట్టుదల ఎక్కడ మొదలైందో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. ఇన్ని ఊళ్ళ గోడలు బాగుచేసినవాడు బాగుచెయ్యలేని గోడ ఒకటి, తన ఇంటికి రెండు సందుల అవతలే ఉంది. అది అతని చెల్లెలు సత్యదుర్గ ఇల్లు. కట్టింది అతనే.

సత్యదుర్గకి పెళ్ళయిన ఐదో ఏట భర్త పోయాడు. నాలుగేళ్ళ కూతురు సాయిదుర్గని అన్నావదినల దగ్గర వదిలి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. ఏడేళ్ళు ఎవరి ఇల్లో తుడిచాక, ఎవరి గోడలో కడిగాక, తన పేరున ఒక ఇల్లు ఉండాలని అనిపించింది. రెండు నెలల సెలవు మీద వచ్చింది. తిరుగు టిక్కెట్టు జూన్ మొదటివారానికి. పంతులుగారు వైశాఖంలో చివరి ముహూర్తం పెట్టారు. దాని తర్వాత అంటే ఆమె లేని గృహప్రవేశమే.

“అన్నయ్యా, ఒక్క రాత్రి నా ఇంట్లో పడుకుని వెళతాను. ఒక్కటి చాలు,” అంది.

పునాది అయ్యేసరికి కాలువ కట్టేశారు. ముందుగా గుంటలో నింపిపెట్టిన నీళ్ళు బేస్‌మెంటుతో అడుగంటాయి. ట్యాంకరువాడు ఇంకో వారం పడుతుందన్నాడు. స్థలంలో వేయించిన బోరు మాత్రం గలగలా పోస్తోంది. ఆ ఉదయం బుల్లిరాజు ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. మింగలేకపోయాడు. పక్కకి ఉమ్మి తలెత్తేసరికి, చెల్లెలు కూలీలతో పాటు నెత్తిన తొమ్మిది ఇటుకలు పెట్టుకుని ఉత్తకాళ్ళతో నడిచి వస్తోంది. చెమటతో మొహం మెరుస్తోంది. ఏడేళ్ళలో ఆమె అలా నవ్వగా అతను చూడలేదు.

“కలపండి,” అన్నాడు కూలీలతో.

నాలుగు రోజులు ఆ నీళ్ళతోనే సాగింది పని. అడ్డుపొర కూడా ఆ నీళ్ళతోనే పోశాడు, ఆరనివ్వకుండానే దానిమీద ఇటుక పేర్చాడు. కిటికీల ఎత్తు వచ్చాక ట్యాంకరు వచ్చింది. ముహూర్తానికి పాలు పొంగాయి. సత్యదుర్గ ఒక్క రాత్రి కాదు, మూడు రాత్రులు పడుకుంది. వెళ్ళేముందు గోడకి బుగ్గ ఆనించి, కొత్తకుండ వాసన వస్తోందని చెప్పింది.

మొదటి చలికాలానికే గోడ ఉప్పు పూసింది. నేల నుంచి జానెడు ఎత్తున తెల్లటి నూగు. వేలితో ముట్టుకుంటే మంచులా రాలిపోయేది, మర్నాటికి మళ్ళీ మొలిచేది. చూడటానికి ఎంత మెత్తగా ఉండేదంటే, తెలియనివాళ్ళయితే అందమైనదే అనుకునేవారు. కొత్తగోడ కదా, ఆరుతోంది అని భార్య సుందరితో చెప్పాడు. అది అతని మొదటి అబద్ధం. తర్వాతవి సిమెంటుతోనూ రంగుతోనూ చెప్పాడు.

చెల్లెలు రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చేది. ఆమె రావడానికి వారం ముందు అతను గోడ గీకి, పూత పూసి, రంగు వేసేవాడు. ఆమె ఉన్న నెలరోజులూ గోడ ఓర్చుకునేది. వెళ్ళిన పదిహేను రోజులకి రంగు బొబ్బలెక్కేది. ఒక ఏడు నెమ్ము ఆపే మందు కలిపిన సిమెంటు పట్టించాడు. తడి దాని వెనకాలే పైకి పాకింది. ఇంకో ఏడు మూడడుగుల ఎత్తు టైల్సు అంటించాడు. ఊపిరాడని తడి నాలుగో అడుగు దగ్గర బయటికి వచ్చింది. కప్పిన ప్రతిసారీ అది ఇంకొంచెం ఎత్తు ఎక్కింది. ఇది ఇలా అవుతుందని అతనికి తెలుసు. ఇతరుల ఇళ్ళలో ఇలా చెయ్యొద్దని చెప్పేది అతనే. ఎక్కడ నెమ్ము ఉందని విన్నా పిలవకపోయినా వెళ్ళి చూసేవాడు, పెద్ద మేస్త్రీలని అడిగి తెలుసుకునేవాడు. అలా నెమ్ము మేస్త్రి అని పేరొచ్చింది. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఒక్క క్షణం ఆగి పలికేవాడు.

నిరుడు సత్యదుర్గ ఇక వెళ్ళనని వచ్చేసింది. కూతురి పెళ్ళి అయిపోయింది, అల్లుడు మండపేటలో ఒక రైసుమిల్లులో పని చేస్తున్నాడు. ఆమెకి నలభై ఏడేళ్ళకే మోకాళ్ళు అరిగాయి. ఇక తన గోడల మధ్య కూర్చుంటానంది. ఈసారి గోడ ఓర్చుకోవడానికి నెలరోజుల గడువంటూ లేదు. వానలు మొదలయ్యేసరికి పడకగది అంతా నేలమాళిగ వాసన. పెట్టెలో చీరల మడతలు పచ్చబడ్డాయి. దగ్గు పట్టుకుంది. కూతురింట్లో వారం ఉంటే తగ్గుతుంది, వచ్చి ఈ మంచం మీద పడుకోగానే మళ్ళీ మొదలవుతుంది. అమలాపురంలో డాక్టరు ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, ఆ తడి గదిలో మాత్రం పడుకోవద్దన్నాడు.

పక్కింటి ఆదిలక్ష్మి జాలిపడే మనిషే. ఒకరోజు ఆ గోడ చూసి, “కన్నీళ్ళతో కట్టుకున్న ఇల్లు కదమ్మా, గోడలకి కూడా అదే వచ్చింది,” అంది. సత్యదుర్గ ఆ రోజు నుంచి మంచం వరండాలోకి మార్చింది. శుక్రవారాలు గడప కడిగి, లోపలి గోడల వైపు చూడకుండా బయటికి వచ్చేసేది. ఈ ఇల్లు తనని రానివ్వడం లేదని మనసులో ఖాయం చేసుకుంది. కువైట్‌లో పాత ఇంటివాళ్ళు మళ్ళీ రమ్మని కబురు చేస్తున్నారు. ఏప్రిల్‌లో అన్నని పిలిచి, వెళ్ళిపోదామనుకుంటున్నానని చెప్పింది.

బుల్లిరాజు ఆ మధ్యాహ్నమంతా గోడ దగ్గరే కూర్చున్నాడు. చివరికి, ఈ నెల ఆగమన్నాడు. గోడ కోసి కడపరాళ్ళు పెడతానన్నాడు.

జగ్గయ్య నేర్పిన పనుల్లో కష్టమైనది అదే. నిలబడి ఉన్న గోడకి అడుగున పునాదికీ ఇటుకకీ మధ్య నల్లటి కడపరాయి పలకలు దూర్చాలి. ఒక మూర మేర ఇటుక తీస్తే, పక్కన రెండు మూరలు ముట్టుకోకూడదు. తీసిన చోట పలక పెట్టి, పైనా కిందా మాలు కూరి, అంచుకి తారు పూసి మూడు రోజులు ఆగాలి. ఆ మూర బరువు మోయడం నేర్చుకున్నాక పక్క మూర. తొందరపడితే కప్పు నోరు తెరుస్తుంది. తాటిపాక అవతలి నుంచి, కట్టేశాక కూడా పెద్ద కాలువ మడుగుల్లో మిగిలిన మంచినీళ్ళు డ్రమ్ముల్లో ఆటో మీద తెచ్చుకున్నాడు. కూలీలని పెట్టుకోలేదు.

పలకలు నేలతడిని ఆపుతాయి. ఇటుకలో అప్పటికే ఉన్న ఉప్పుని ఏమీ చెయ్యలేవు. ఆ సంగతి మాత్రం చెప్పలేదు. పైన సున్నం పూత వేస్తే మూడు నాలుగేళ్ళు కనబడదు, తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాడు. పన్నెండేళ్ళుగా ప్రతిసారీ అలాగే అనుకున్నాడు.

సత్యదుర్గ పక్కన పీట వేసుకుని కూర్చునేది. అతను తీసిన ఇటుకలకి అంటిన పాతమాలు కత్తితో గీకి పేర్చేది. ఇద్దరూ చిన్నప్పుడు గేదె పాకలో పిడకలు పేర్చినట్టు, మాటలు లేకుండా ఒకరికొకరు అందించుకునేవారు. వారం గడిచాక ఆమె మొహంలో కొంచెం తేట వచ్చింది. అన్న చెయ్యి పడితే తగ్గుతుందేమోనని ఆదిలక్ష్మితో అందట. అది విన్నరోజు బుల్లిరాజు చీకటిపడేదాకా పని ఆపలేదు.

ఎనిమిదో రోజు పొద్దున్న, పడకగది మూల కోస్తుండగా ఆమె ఉన్నట్టుండి చెప్పడం మొదలుపెట్టింది. సాయిదుర్గకి పదిహేనో ఏట టైఫాయిడ్ వచ్చి రాజోలు ఆసుపత్రిలో పదిరోజులు ఉంచారు. ఆ కబురు అన్న ఫోనులో చెప్పినరోజు సంగతి. పంపమని అడిగితే ఇంటావిడ పాస్‌పోర్టు ఇవ్వనంది. సత్యదుర్గ స్నానాలగదిలోకి వెళ్ళి, చప్పుడు వినబడకుండా కుళాయి విప్పుకుని ఏడ్చింది.

“అప్పుడు అనేశాను అన్నయ్యా. ఆ ఇంటి కోసమే కదా నా పిల్లకి దూరమయ్యేను, ఆ ఇంటికి నా ఉసురు తగలాలి అన్నాను. పైకే అన్నాను.” ఆమె ఇటుక గీకడం ఆపలేదు. “మర్నాడే లెంపలేసుకున్నాను. కానీ అన్న మాట అన్న మాటే కదా. నా ఇంటికి నేనే పెట్టుకున్నాను ఇది.”

ఉలి మీద పడాల్సిన సుత్తి బుల్లిరాజు చేతిలో అలాగే ఉండిపోయింది. గోడకి కోసిన మూరెడు సందులోంచి అవతలి వెలుగు పడుతోంది. ఆ వెలుగులో ఇటుకపొడి నెమ్మదిగా దిగుతోంది. ఈమె ఇన్నేళ్ళుగా దీన్ని మోస్తోంది, అనుకున్నాడు. తను దించగలిగి కూడా దించని బరువు.

“ఉసురు కాదు అమ్మడూ,” అన్నాడు. “బోరు నీళ్ళు.”

ఆమెకి అర్థం కాలేదు. అతను సుత్తి కిందపెట్టి చెప్పాడు. కాలువ కట్టెయ్యడం, ట్యాంకరు రాకపోవడం, నాలుగు రోజులు. ఆమె ఇటుకలు మోస్తూ నవ్విన సంగతి మాత్రం చెప్పలేదు. అది చెబితే తప్పు ఆమె మీదికి తోసినట్టవుతుంది.

“ఉప్పని తెలిసే పోసేవా?”

“తెలిసే.”

“రంగులెయ్యడం, టైల్సు అంటించడం?”

“నీకు కనబడకుండా.”

సత్యదుర్గ చేతిలో ఇటుకని మిగతావాటి మీద సరిగ్గా, అంచుకి అంచు కలిపి పెట్టింది. చాలాసేపు దాని మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

“ఒక్క ఫోనులో చెబితే అయిపోయేది కదా,” అంది. గొంతు పెంచలేదు. “గోడ పోతే పోయేది. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఎంత తిట్టుకున్నానో నీకు తెలుసా? గోడ ఉప్పు పూసిందని ఎవరూ చచ్చిపోరు అన్నయ్యా. నేను మాత్రం...” అని ఆగిపోయింది.

అతను ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపి, ఈ రాళ్ళు పెడితే నెమ్ము పోతుందా అని అడిగింది. నిజం చెప్పమని అనలేదు. అడిగిన తీరులోనే అది ఉంది.

చెప్పాడు. నేలలోంచి ఎక్కేది ఆగుతుంది. ఇటుకలో ఉన్న ఉప్పు బయటికి రావాలంటే టైల్సు, సిమెంటు అంతా ఊడగొట్టి, గోడని ఛాతీ ఎత్తువరకు బోసిగా వదిలెయ్యాలి. వారం వారం ఉప్పు పూస్తుంది. తడి తగలనివ్వకుండా పొడి బ్రష్షుతో దులపాలి. రాలింది గోడమొదట్లో వదిలితే మళ్ళీ ఎక్కుతుంది కాబట్టి ఎత్తి దూరంగా పారెయ్యాలి. మధ్యలో ఒకటి రెండుసార్లు పలచగా సున్నం పూత వేసి, అది ఉప్పు పీల్చుకున్నాక గీకెయ్యాలి. రెండు ఎండాకాలాలు పడుతుంది, మూడు కూడా పట్టొచ్చు. అప్పటిదాకా ఆ గదిలో మనిషి పడుకోకూడదు. తన ఇంటికి రమ్మని, సుందరి ఎప్పటినుంచో అడుగుతోందని, చివర్లో నెమ్మదిగా కలిపాడు.

సత్యదుర్గ తల అడ్డంగా ఊపింది. కూతురి అత్తవారింట్లో ఏళ్ళ తరబడి ఉండదని అతనికి తెలుసు. తన ఇంటికి రాదని ఇప్పుడు తెలిసింది.

టైల్సు, సిమెంటు ఊడగొట్టి, గోడ చుట్టూ పలకలు పెట్టడం ముగిసేసరికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆమె రోజూ టీ ఇచ్చేది, గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయేది. ఇటుకలు గీకడానికి మళ్ళీ కూర్చోలేదు. పని అయిన రోజు ఆదిలక్ష్మి చూడటానికి వచ్చి, ఇక ఏడుపు తగ్గుతుందిలే అంది. బుల్లిరాజు చేతులు కడుక్కుంటూ, ఏడుపు కాదండి, నేను పోసిన ఉప్పు అన్నాడు. ఆవిడ నవ్వబోయి, అతని మొహం చూసి మానేసింది. వారంలో ఊరంతా తెలిసింది. టీకొట్టు దగ్గర సుబ్బరాజుగారు ఆ తర్వాత నీళ్ళ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటేనే బాగుండేదని బుల్లిరాజుకి అనిపించింది.

కాలువ వదిలిన పదిరోజులకి సత్యదుర్గ కువైట్ వెళ్ళిపోయింది. రెండేళ్ళ ఒప్పంద కాగితం మీద. ఇంటి తాళంచెవి ఆదిలక్ష్మికి ఇచ్చింది. బయల్దేరేముందు అన్న కాళ్ళకి దండం పెట్టింది. ఎప్పుడూ పెట్టేది కాబట్టి పెట్టింది. వంగి లేచేటప్పుడు మోకాలు పట్టేస్తే అతను చెయ్యి అందించాడు. ఆమె గోడ పట్టుకుని లేచింది.

ఇప్పుడు బుల్లిరాజు ప్రతి శుక్రవారం పొద్దున్న ఆదిలక్ష్మి గుమ్మంలో నిలబడి తాళంచెవి అడుగుతాడు. లోపలికి వెళ్ళి కిటికీలన్నీ తెరుస్తాడు. ఎర్రటి ఇటుకలు బోసిగా, చర్మం తీసినట్టు ఉంటాయి. వాటిమీద రాత్రికి రాత్రి దిగిన తెల్లటి నూగు. కొబ్బరిపీచు బ్రష్షుతో పైనుంచి కిందకి దులుపుతాడు, గట్టిగా రుద్దితే ఇటుక అరుగుతుందని నెమ్మదిగా. రాలినదాన్ని కాగితం మీదికి ఎత్తి, బేసినులో పోసి, ఊరి చివర సముద్రం వైపు వెళ్ళే మురుగుకాలువ దాకా మోసుకెళ్ళి పారబోస్తాడు. రావడానికి పోవడానికి అరగంట. మోకాళ్ళు అతనికీ నొప్పే.

శుక్రవారం అక్కడ సెలవు. పదకొండింటికి ఫోను వస్తుంది. ఎలా ఉన్నావని ఆమె అడగదు. ఇంటి సంగతులు వదిన సుందరికి ఫోను చేసి తెలుసుకుంటుంది. అన్నని ఒక్కటే అడుగుతుంది, ఈ వారం ఎంత రాలిందని. అతను దోసిళ్ళలో చెబుతాడు. రెండు దోసిళ్ళు. ఒకటిన్నర. ఒక వారం ఒక్కటే అయితే, ఆ మాట రెండుసార్లు చెప్పాడు. సరే అని ఆమె పెట్టేసింది.

మొన్న తుఫాను పట్టి నాలుగు రోజులు వదలకుండా వాన కురిసింది. శుక్రవారం వెళ్ళేసరికి గది తెల్లగా ఉంది. ఆర్నెల్లుగా దులిపినదంతా తిరిగి వచ్చినట్టు, కిటికీ చెక్క అంచు దాకా పూసింది. బుల్లిరాజు చాలాసేపు బ్రష్షు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దులిపాడు. బేసిను నిండింది. ఫోను మోగింది.

“ఎంత?” అంది సత్యదుర్గ.

తగ్గించి చెప్పవచ్చు. రెండు దోసిళ్ళు అంటే ఆమెకి తెలిసే దారి లేదు. అక్కడ వెనకాల ఎవరిదో వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తున్నాయి.

“బేసినెడు అమ్మడూ,” అన్నాడు. “మొదట్లోకన్నా ఎక్కువ. రెండేళ్ళకి అవుతుందని అనుకోను.”

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. ఆమె గది తలుపు వేసుకున్నట్టుంది. ఫోను పెట్టెయ్యలేదు. ఊపిరి వినబడుతోంది, దగ్గు లేని ఊపిరి. అతను బోసిగోడకి వీపు ఆనకుండా కొంచెం ఎడంగా, నేల మీద కూర్చున్నాడు.

“కాగితం మూడేళ్ళకి రాయించుకుంటాను అయితే,” అంది. “వచ్చేవారం చెప్పు.”